కీబోర్డు లేకుండా, బ్లేడుతో టేపు కోసి చేసిన సంగీతం: డెలియా డెర్బిషైర్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

కోనేటి_గట్టు | సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో ఎడిటింగ్ చేస్తాను. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా భక్తి పాటలు, గంగజాతర ముందైతే అమ్మవారి పాటలు. పాడినవాళ్ల శ్రుతి సరిచేయడం, దగ్గు తీసేయడం, ఊపిరి చప్పుడు తగ్గించడం, ఆరేళ్లుగా ఇదే పని. పోయిన వారం పని అయ్యాక ఒక పాత టీవీ సీరియల్ సంగీతం విన్నాను. బీబీసీ వాళ్ల 'డాక్టర్ హూ'. 1963 నవంబర్ 23న మొదటిసారి ప్రసారమైంది. ఇది ఏ కీబోర్డు అయి ఉంటుందా అని వెతికితే అసలు కీబోర్డే లేదు. ఒక తీగను మీటి రికార్డు చేసుకుని, ఆ ఒక్క చప్పుడునే వేర్వేరు వేగాల్లో నడిపి వేర్వేరు స్వరాలు చేసి, ఒక్కో స్వరం ఉన్న టేపు ముక్కను కొలిచి, కోసి, అతికించారట. కింద నడిచే ఆ బరువైన 'దుం దుగు దుం' అంతా అదే తీగ. పైన జారుతూ పోయే రాగం ఆసిలేటర్లది, అంటే రేడియో పరికరాలను పరీక్షించడానికి వాడే మిషన్లు. వాటి మరను చేత్తో తిప్పి ఆ జారు తెచ్చారు.

చేసినామె పేరు డెలియా డెర్బిషైర్. అప్పటికి వయసు 26. సాయం చేసినాయన డిక్ మిల్స్. నేను రోజూ మౌస్‌తో కోసే పనిని ఆమె బ్లేడుతో చేసింది. తప్పు పోతే వెనక్కి వెళ్లే బటన్ లేదు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు నాకు. టేపు పని చేతులారా చేసిన పెద్దవాళ్లు ఇక్కడ ఉంటే కాస్త వివరంగా చెప్పండి, ఎంత కష్టం అది?

పుత్తూరు_కుర్రాడు | సోమవారం, రాత్రి 10:40

ఇప్పుడే విన్నా అక్కా, ఒళ్లు జలదరించింది. 1963 అంటే నమ్మబుద్ధి కావడం లేదు. సింథసైజర్ అప్పటికి రాలేదా?

కోనేటి_గట్టు | సోమవారం, రాత్రి 10:51

రాబర్ట్ మూగ్ తన సింథసైజర్‌ను, అంటే విద్యుత్తుతోనే స్వరాలు పుట్టించే వాద్యాన్ని, జనం ముందుకు తెచ్చింది 1964లో తమ్ముడూ. ఇది అంతకుముందే.

టేపుల_పెద్దాయన | మంగళవారం, ఉదయం 6:05

తల్లీ, నేను చెబుతా. చిత్తూరులో నాకు క్యాసెట్ల షాపు ఉండేది. షాపు పెట్టకముందు స్పూలు టేపు మిషన్ దగ్గర నాలుగేళ్లు పనిచేశా, హరికథలు, నాటకాలు రికార్డు చేసేవాళ్లం.

పావు అంగుళం వెడల్పు టేపు. మంచి మిషన్ మీద అది సెకనుకు 15 అంగుళాలు పరిగెత్తుతుంది. అంటే అర సెకను స్వరం కావాలంటే ఏడున్నర అంగుళాల ముక్క, పావు సెకనుకు మూడుముక్కాలు. తాళం అంతా స్కేలు మీదే ఉంటుంది. లోహపు దిమ్మెలో సన్నని గాడి ఉంటుంది, టేపును అందులో పడుకోబెట్టి ఏటవాలుగా కోయాలి. నిలువుగా కోస్తే అతుకు దగ్గర చప్పుడు ఠక్కున మారి చెవికి తెలిసిపోతుంది, ఏటవాలు కోతలో ఒకటి తగ్గుతూ ఇంకొకటి పెరుగుతుంది. బ్లేడుకు అయస్కాంతం పట్టి ఉంటే ప్రతి అతుకు దగ్గరా 'టిక్' మంటుంది. ఆ ఒక్క 'టిక్' కోసం నేను ఒక రాత్రంతా తలపట్టుకుని కూర్చున్నా, మా మేస్త్రి వచ్చి బ్లేడు మార్చమన్నాడు, అంతే, పోయింది.

ఇక స్వరం మార్చడం. టేపును రెండింతల వేగంతో నడిపితే మంద్ర స్థాయి స్వరం మధ్య స్థాయికి పోతుంది, మధ్య స్థాయిది తార స్థాయికి పోతుంది. రెండింతలకు లోపల ఉన్న స్వరాలన్నిటికీ లెక్క వేసి వేగం పెట్టాలి. ఇదంతా చేశాక, నువ్వు చెప్పిన పాటలో ఒక్కో వరుసకు ఒక్కో టేపు తయారవుతుంది. అప్పట్లో వాళ్ల దగ్గర నాలుగు వరుసలు ఒకే టేపు మీద ఎక్కించే మిషన్ లేదు కదా, మూడు మిషన్లలో మూడు టేపులు పెట్టి ఒకేసారి మీట నొక్కి నాలుగో దానిమీదికి ఎక్కించుకోవాలి. ఒకటి వెంట్రుకవాసి ముందు కదిలితే మళ్లీ మొదటినుంచి. నేను రెండు మిషన్లు కలపడానికే చెమటలు పట్టించుకున్నవాణ్ణి. అందుకే చెబుతున్నా, ఆ తల్లికి దండం పెట్టాలి.

కోనేటి_గట్టు | మంగళవారం, ఉదయం 9:20

పెద్దాయనా, మీరు చెప్పింది చదివాక డిక్ మిల్స్ చెప్పిన సంగతి బాగా అర్థమైంది. వాళ్లకు కూడా ఒకచోట ఒక స్వరం తేడా వచ్చిందట, ఎక్కడో తెలియడం లేదు. టేపులన్నీ స్టూడియో బయట పొడుగాటి వరండాలో నేలమీద పక్కపక్కనే పరిచి, వాటి వెంట నడుస్తూ అతుకులు సరిచూసుకున్నారట. ఒకదానిలో అతుకు పక్కవాటితో కలవని చోట తప్పు దొరికింది. సంగీతంలో తప్పును కళ్లతో, కాలినడకన వెతకడం! బీబీసీ కార్యక్రమాలకు ఇలాంటి శబ్దాలు, సంగీతం చేసిపెట్టే విభాగం వాళ్లది, లండన్‌లో మెయిడా వేల్ అనే చోట ఉండేది, రేడియోఫోనిక్ వర్క్‌షాప్ అనేవారు.

వీణ_వాకిలి | మంగళవారం, మధ్యాహ్నం 2:15

కష్టం గురించి నాకు అనుమానం లేదమ్మా. అయితే ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ముప్పై ఏళ్లుగా వీణ నేర్పుతున్నదాన్ని. ఈ బాణీ కట్టింది ఆమె కాదు కదా, రాన్ గ్రెయినర్ అనే ఆస్ట్రేలియా ఆయన. ఆయన రాసిచ్చాడు, ఆమె దాన్ని యంత్రాల మీద పలికించింది. మా వీణ కళాకారులు త్యాగరాజ కృతి వాయిస్తే అది త్యాగరాజ కృతే, ఎంత గొప్పగా వాయించినా. ఆమెను గొప్ప సాంకేతిక నిపుణురాలు అనండి, ఒప్పుకుంటాను. సంగీతకర్త అనడం సరైనదేనా?

లెక్కలయ్యవారు | మంగళవారం, సాయంత్రం 5:30

మేడమ్ అడిగింది న్యాయమైన ప్రశ్న. జవాబు తర్వాత చెబుతాను, ముందు ఆమె ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ణి, ఆమె నాకు దగ్గరి మనిషిలా అనిపిస్తుంది.

పుట్టింది 1937లో, కోవెంట్రీ ఊళ్లో. 1940 నవంబర్‌లో ఆ ఊరి మీద జర్మనీ విమానాలు రాత్రంతా బాంబులు వేశాయి. ఆమెకు మూడేళ్లు. దాడి వస్తోందని, దాడి పోయిందని మోగే సైరన్లే తన చెవిలో పడ్డ మొదటి విద్యుత్ సంగీతం అని పెద్దయ్యాక చెప్పుకుంది. తర్వాత ప్రెస్టన్‌కు పంపేశారు. అక్కడ మిల్లు కార్మికులు చెక్క చెప్పులతో రాళ్ల బాట మీద నడిచి వెళ్లే చప్పుడు కూడా గుర్తుపెట్టుకుంది. కేంబ్రిడ్జ్‌లో గిర్టన్ కాలేజీలో గణితంతో మొదలుపెట్టి సంగీతానికి మారి 1959లో పట్టా తీసుకుంది. ఒక పెద్ద రికార్డుల కంపెనీకి ఉద్యోగం అడిగితే రికార్డింగ్ స్టూడియోల్లో ఆడవాళ్లను తీసుకోము అన్నారు. కొన్నాళ్లు జెనీవాలో పనిచేసి 1960లో బీబీసీలో స్టూడియో శిక్షణ ఉద్యోగంలో చేరింది. రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌కు మామూలుగా కొన్ని నెలలకోసం ఎవరినైనా పంపేవారు, ఈమె తనంతట తాను అడిగి 1962లో వెళ్లి పదకొండేళ్లు ఉంది.

ఇప్పుడు లెక్క. ఏ ధ్వనినైనా విడదీస్తే లోపల ఎన్నో శుద్ధమైన కంపనాలు ఉంటాయి. తీగలో అవి ఒకటికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు అని వరసగా ఉంటాయి, అందుకే తీగ మన చెవికి శ్రుతిగా వినిపిస్తుంది. డోలు తోలులో అలా ఉండవు. మృదంగం కుడివైపు నడుమ పూసే నల్లటి ముద్ద వల్ల ఆ వరస దాదాపు కుదురుతుందని మన సర్ సీవీ రామన్ 1920లో రాశారు. డెలియా 1967లో సహారా ఎడారిలోని టువారెగ్ జనం మీద డాక్యుమెంటరీకి పని చేస్తూ, ఆఫీసులో ఉన్న ఒక ఆకుపచ్చ ఇనుప దీపపు టోపీని కొట్టి, ఆ మోత రికార్డు చేసింది. 'ఠంగ్' అన్న మొదటి దెబ్బ తీసేసి వెనక ఉన్న మోత మాత్రం ఉంచింది. ఆ మోతలో బలంగా ఉన్న 12 కంపనాలను లెక్కగట్టి, వర్క్‌షాప్‌లో ఉన్న 12 ఆసిలేటర్లను ఒక్కోదాన్ని ఒక్కో కంపనానికి పెట్టి మళ్లీ ఆ మోతనే కట్టింది. దానిమీద తన గొంతును కోసి ఒంటెల నడక చేసింది. దీన్ని ఏమంటారు మేడమ్? దీనికి గ్రెయినర్ ఎవరూ లేరు. బాణీ, వాద్యం, వాయింపు, మూడూ ఆమెవే.

రేణిగుంట_జంక్షన్ | మంగళవారం, రాత్రి 8:45

చిన్న చేర్పు. రైల్వేలో ఉన్నవాణ్ణి కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. ఈ దారి తెరిచింది పారిస్‌లో పియేర్ షెఫర్. 1948లో బాటిన్యోల్ స్టేషన్‌కు వెళ్లి ఆవిరి ఇంజన్ల చప్పుళ్లు రికార్డు చేసి, వాటిని అటూ ఇటూ పేర్చి ఒక రచన చేశాడు. అప్పటికి ఆయన చేతిలో టేపు కూడా లేదు, గ్రామఫోను పళ్లేల మీదే చేశాడు. అర్ధరాత్రి డ్యూటీలో గూడ్సు బండి జంక్షన్ దాటుతుంటే పట్టాల అతుకుల మీద చక్రాల తాళం వింటాను, ఆయన ఏం విన్నాడో నాకు తెలుసు.

మన దేశంలోనూ ఉంది ఈ కథ. 1969లో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టాడు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్ లాంటివాళ్లు అక్కడ పనిచేశారు. ఆ టేపులు దశాబ్దాలు బీరువాలో ఉండిపోయి 2023లో రికార్డుగా బయటికి వచ్చాయి.

కోనేటి_గట్టు | మంగళవారం, రాత్రి 11:30

వీణ మేడమ్, మీరు అన్నదాని గురించి రోజంతా ఆలోచించాను. నేను మా స్టూడియోలో అన్నమయ్య కీర్తనల ఆల్బమ్‌లు చాలా చేశాను, అందుకే ఈ పోలిక తెస్తున్నా. అన్నమయ్య సాహిత్యం తిరుమలలో రాగిరేకుల మీద దొరికింది. రేకుల మీద రాగం పేరు ఉంటుంది తప్ప స్వరాలు లేవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, ఇంకా ఎందరో కూర్చుని బాణీలు కట్టారు. కచేరీలో మనం ఏం చెబుతాం? రచన అన్నమాచార్య, స్వరకల్పన ఫలానావారు అని రెండు పేర్లూ చెబుతాం కదా. గ్రెయినర్ ఒకే ఒక కాగితం మీద రాసిచ్చాడు, పక్కన 'గాలి బుడగ', 'మేఘం' అని ఏం కావాలో మాటల్లో రాశాడు. మేఘం ఎలా పలుకుతుందో ఆమె కనిపెట్టాలి. అయ్యాక ఆయన విని, ఇది నేను రాసిందేనా అని అడిగాడట, చాలావరకు అని ఆమె జవాబు. ఆయన మంచివాడు, తన రాయల్టీలో సగం ఆమెకు ఇప్పించాలని ప్రయత్నించాడు. బీబీసీ ఒప్పుకోలేదు. వర్క్‌షాప్‌లో పనిచేసేవాళ్ల పేర్లు వేసే పద్ధతి లేదు, విభాగం పేరే వేసేవారు. ఆమె చేసిన ఆ సంగీతమే, మధ్యలో కొద్ది మార్పులతో, 1980 దాకా వాడారు. ఆ సీరియల్ తెరమీద ఆమె పేరు మొదటిసారి పడింది 2013లో, యాభై ఏళ్ల వేడుక ఎపిసోడ్‌లో. ఆమె చనిపోయి అప్పటికి పన్నెండేళ్లు.

నాకు ఇది ఎందుకు గుచ్చుకుందో దాచను. నేను చేసిన ఆల్బమ్ ఒకటి ఉంది. పాడినామె గొంతు ఆ వారం బాగాలేదు. పదకొండు పాటలు, ఒక్కో పంక్తిని వేర్వేరు టేకుల నుంచి ఏరి కట్టాను, తంబుర శ్రుతి నేనే చేశాను, వెనక గుడిగంటల మోత కూడా నేను చేసిందే. కవర్ మీద నిర్మాత పేరు, ఫొటో తీసిన వాళ్ల పేరు, టిఫిన్లు సమకూర్చిన హోటల్ పేరుకు కృతజ్ఞతలు ఉన్నాయి. నా పేరు లేదు. అడిగితే "ఎడిటింగే కదమ్మా" అన్నారు. మా అమ్మ ఆ కవర్ తిప్పితిప్పి చూసింది.

వీణ_వాకిలి | బుధవారం, ఉదయం 7:10

అన్నమయ్య పోలిక సరిగ్గా తగిలిందమ్మా. స్వరకల్పన అనే మాట మన దగ్గర ఉండగా నేను ఆమెకు ఎందుకు ఇవ్వలేకపోయానో! వెనక్కి తీసుకుంటున్నాను. మీ కవర్ సంగతి చదివి బాధేసింది. మళ్లీ ఆల్బమ్ ఒప్పుకునే ముందు పేరు వేస్తామని కాగితం మీద రాయించుకోండి, మొహమాటపడొద్దు.

ఒక్క విషయంలో మాత్రం నా చెవి నా మాటే వింటోంది. అయ్యవారు చెప్పిన దీపపు టోపీ సంగతి, మొదటి దెబ్బ తీసేయడం. వీణలో మీటు ఉంటుంది. మీటు తీసేస్తే మిగిలేది వీణ కాదు. నిన్న రాత్రి మా అమ్మాయి ఫోన్‌లో నా వీణ స్వరం రికార్డు చేసి మొదటి ముక్క కోసి వినిపించింది. కళ్లు మూసుకుంటే కమాను వాద్యంలా ఉంది, ఎవరో దూరంగా పాడుతున్నట్టు కూడా ఉంది. భయం వేసింది, బాగుంది కూడా. వాద్యానికి గుర్తు మీటులోనే ఉంటుందని విద్యార్థులకు ఇన్నేళ్లూ నోటితో చెప్పానేగానీ ఇంత స్పష్టంగా ఎప్పుడూ వినిపించలేకపోయాను. రేపు క్లాసులో ఇదే పాఠం.

పుత్తూరు_కుర్రాడు | బుధవారం, ఉదయం 10:00

ఆమె తర్వాత ఏం చేసింది? 1963 తర్వాత అంతా కలిసొచ్చి ఉంటుంది కదా?

లెక్కలయ్యవారు | బుధవారం, మధ్యాహ్నం 1:20

పని బాగా చేసింది నాయనా, అంతా కలిసిరాలేదు. 1964లో బ్యారీ బర్మాంజ్‌తో కలిసి రేడియో రచనలు చేసింది, మామూలు జనం తమకు వచ్చిన కలలు చెబుతుంటే ఆ మాటలను ముక్కలు చేసి శబ్దాల మధ్య పేర్చినవి. పరుగెత్తడం, పడిపోవడం, నీళ్లు, రంగులు, అన్నీ కలల్లోవే. 1966లో బ్రయన్ హాడ్జ్‌సన్, పీటర్ జినోవియెఫ్‌తో కలిసి యూనిట్ డెల్టా ప్లస్ అనే చిన్న సంస్థ పెట్టింది. 1969లో డేవిడ్ వోర్‌హాస్‌తో కలిసి వైట్ నాయిస్ పేరుతో ఒక ఆల్బమ్ చేసింది, అప్పుడు పెద్దగా అమ్ముడుపోలేదు, ఇప్పుడు దాన్ని నెత్తిన పెట్టుకుంటున్నారు. తర్వాత వర్క్‌షాప్‌కు పెద్ద సింథసైజర్లు వచ్చాయి. మీట నొక్కితే శబ్దం వచ్చే రోజులు. 1972లో అదే సీరియల్ సంగీతాన్ని సింథసైజర్ మీద మళ్లీ చేయించారు, వినగానే వద్దనుకుని పాతదే ఉంచేశారు. 1973లో ఆమె బీబీసీ వదిలేసింది. కొన్నాళ్లు గ్యాస్ పైపులు వేసేచోట రేడియో ఆపరేటరుగా కూడా పనిచేసింది. సంగీతానికి దూరంగా ఇరవై ఏళ్లకు పైగా. 1990ల చివర్లో పీటర్ కెంబర్ అనే యువ సంగీతకారుడు వెతుక్కుంటూ వెళితే మళ్లీ ఉత్సాహం వచ్చి పని మొదలుపెట్టింది. 2001 జూలై 3న పోయింది, 64 ఏళ్లు.

పోయాక ఆమె ఇంటి అటకమీద 267 స్పూలు టేపులు దొరికాయి. ఇప్పుడు మాంచెస్టర్ విశ్వవిద్యాలయం దగ్గర భద్రంగా ఉన్నాయి. అందులో 1960ల చివర చేసిన ఒక చిన్న ముక్క ఇప్పటి డ్యాన్స్ సంగీతంలాగే ఉందని 2008లో అందరూ ఆశ్చర్యపోయారు. 2017లో కోవెంట్రీ విశ్వవిద్యాలయం మరణానంతరం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అటకమీది టేపులంటే నాకైతే అన్నమయ్య రాగిరేకులున్న ఆ రాతి అరే గుర్తొచ్చింది.

చిత్తూరు_టాకీసు | బుధవారం, రాత్రి 9:05

ఈమెకంటే ముందు అక్కడే ఇంకొకామె ఉంది, డాఫ్నీ ఓరమ్. చెప్పకపోతే తప్పు. 1958లో ఆ వర్క్‌షాప్ మొదలుపెట్టినవాళ్లలో ఆమె ఒకరు, ఏడాది తిరిగేసరికి బయటికొచ్చి కెంట్‌లో సొంత స్టూడియో పెట్టుకుంది. అక్కడ ఓరామిక్స్ అనే యంత్రం కట్టింది. పది 35 మిల్లీమీటర్ల ఫిల్ము పట్టీలు పక్కపక్కనే నడుస్తాయి, వాటిమీద ఆమె చేత్తో గీసిన గీతలు, చుక్కలు కాంతికి అడ్డుపడుతుంటే దాన్నిబట్టి శబ్దం పుడుతుంది.

మా నాన్న టూరింగ్ టాకీసులో ఆపరేటరు. రీలు తెగితే అతికించేవాడు. చిన్నప్పుడు నాకు ఒక ముక్క చేతిలో పెట్టి, బొమ్మల పక్కన అంచులో వంకరటింకరగా ఉన్న తెల్ల గీత చూపించి, "పాట ఇక్కడుంది రా" అనేవాడు. దీపం ముందు పెట్టి చూసేవాణ్ణి. ఆ గీత మనమే గీస్తే ఏ పాట వస్తుందని అడిగితే నాన్న నవ్వేవాడు. ఓరమ్ గురించి చదివినప్పుడు నాన్న ఉండుంటే బాగుండు అనిపించింది.

కోనేటి_గట్టు | గురువారం, రాత్రి 10:45

ఈరోజు ఒక పని చేశాను. మా అవ్వ ఇత్తడి చెంబును తాడుతో వేలాడదీసి చెక్క గరిటెతో కొట్టి రికార్డు చేశాను. దెబ్బ తీసేశాను. మిగిలిన మోతను అయ్యవారికి పంపితే ఆయన లెక్కగట్టి పంపారు: మొదటి కంపనానికి రెండోది రెండింతలు కాదు, రెండున్నర దాటింది, మూడోది ఐదింతల దగ్గర ఉంది. అందుకే అది ఏ స్వరమో తేలకుండా గాల్లో ఊగుతోంది. ఆ కంపనాలను విడివిడిగా కంప్యూటర్‌లో పుట్టించి కలిపాను. నాకు కలిపింది తొమ్మిదే. చెంబే, కానీ గుడి లోపలినుంచి వినిపిస్తున్న చెంబు. అవ్వకు వినిపిస్తే, ఎక్కడ మోగుతోంది అని వాకిలివైపు చూసింది.

తర్వాత మెట్టు టేపు మీద చేయాలని ఉంది. పెద్దాయనా, మీ పాత మిషన్ ఇంకా ఉందా?

టేపుల_పెద్దాయన | శుక్రవారం, ఉదయం 5:50

ఉంది తల్లీ. నిన్న అటకమీద నుంచి దింపించా. బెల్టు సాగిపోయింది, కొత్తది వేశా. టేపును చదివే తలలు స్పిరిట్‌తో తుడిచా, పాత హరికథ టేపు పెడితే ఒక్క వైపు గట్టిగా, ఒక్క వైపు మెల్లగా పలుకుతోంది, ఆదివారానికి సరిచేస్తా. అతుకు దిమ్మె ఉంది, గాడి బాగానే ఉంది. ఆదివారం పది గంటలకు చిత్తూరు బస్సెక్కి రా, ఆ పుత్తూరు అబ్బాయిని కూడా రమ్మను. చెంబు తీసుకురా. బ్లేడ్లు మాత్రం కొత్తవి తెచ్చుకో, నా దగ్గరున్నవన్నీ తుప్పు పట్టినాయి.